బిల్లు ఆగిపోయే ఆ మూడు నిమిషాలు: గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఒక సర్వర్ ట్రాఫిక్ కేసు

నేపథ్యం

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే సంస్థ ఇది. ఊళ్ళో ఆఫీసు, ఊరి బయట వేర్వేరు రోడ్ల మీద మూడు స్టోరేజీలు. పేర్లు, ఊళ్ళు తీసేశాను. అంకెలు చదవడానికి వీలుగా కాస్త గుండ్రంగా చేశాను.

ఆఫీసులో ప్రింటర్ బల్ల కింద ఒక లైనక్స్ సర్వర్ ఉంది. రైతు సరుకు దింపగానే ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), రకం తేజానా 334నా, ఏ ఛాంబర్, ఏ లాటు అన్నది స్టోరేజీ గుమస్తా బ్రౌజర్‌లో నమోదు చేస్తాడు. సరుకు దాచినట్టు రసీదైన బాండు అక్కడే ప్రింటవుతుంది. ఆ బాండు చూపించి రైతు అప్పు తెచ్చుకుంటాడు కాబట్టి కాగితం చేతికి వచ్చేదాకా కదలడు. సరుకు బయటికి తీసేటప్పుడు అద్దె లెక్క, గేట్ పాసు కూడా దీంట్లోంచే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తే రోజుల్లో ఈ పెట్టె కాసేపు ఆగిందంటే గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి.

ఆఫీసుకు ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ఉంది. డౌన్‌లోడ్ 50 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), అప్‌లోడ్ 10. ఇంట్లో సినిమాలు చూసేవాళ్ళకు మొదటి అంకె ముఖ్యం. సర్వర్ మన దగ్గర ఉండి, వాడేవాళ్ళు బయట ఉంటే రెండోదే ముఖ్యం. వాళ్ళకు వెళ్ళే ప్రతి పేజీ, ప్రతి బాండు మన అప్‌లోడ్‌లోంచే పోవాలి.

వచ్చిన సమస్య

మార్చిలో పిలిచారు. స్టోరేజీల్లో స్క్రీన్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది, రెండు మూడు నిమిషాలాగి దానంతటదే కదులుతోంది. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. దాంతో యజమానికి గుమస్తాల మీదే అనుమానం. "పని తప్పించుకోవడానికి సర్వర్ మీద నెపం వేస్తున్నారేమో, కాస్త చూడండి" అన్నారు.

ఆ ఫిర్యాదు మొత్తంలో నాకు పనికొచ్చిన మాట "ఆఫీసులో బాగానే ఉంది" అన్నదే. ప్రాసెసరో డిస్కో డేటాబేసో మొరాయిస్తే అందరికీ ఆగాలి. ఆఫీసుకూ స్టోరేజీకీ మధ్య తేడా బయటి లైను ఒక్కటే. కాబట్టి సర్వర్ లోపల వెతకడం మానేసి, సర్వర్ నుంచి బయటికి ఏం పోతోందో చూడాలనుకున్నాను.

నేను వెళ్ళేసరికే కొన్ని పనులు జరిగిపోయాయి. సర్వర్‌ను రోజూ పొద్దున్నే రీస్టార్ట్ చేస్తున్నారు. రూటర్ మార్చారు. ఇంటర్నెట్ కంపెనీ మనిషి పొద్దున పదకొండింటప్పుడు వచ్చి లాప్‌టాప్ తగిలించి స్పీడ్ టెస్ట్ చేసి, అంతా బాగుందని సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. ఆ టెస్టులో అబద్ధమేమీ లేదు, ఆ నిమిషంలో లైను నిజంగానే బాగుంది. చివరికి ప్లాన్ పెంచారు. డౌన్‌లోడ్ 50 నుంచి 100 అయింది, అప్‌లోడ్ మాత్రం 10 దగ్గరే ఉండిపోయింది. బిల్లు పెరిగింది, బిగుసుకోవడం తగ్గలేదు.

స్క్రిప్టు ఎందుకు

ట్రాఫిక్ చూడటానికి మంచి టూల్స్ చాలానే ఉన్నాయి. ఐఎఫ్‌టాప్, నెట్‌హాగ్స్ అప్పటికప్పుడు ఏం జరుగుతోందో చక్కగా చూపిస్తాయి, కానీ ఆ మూడు నిమిషాలూ మనం స్క్రీన్ ముందు ఉండాలి. వీఎన్‌స్టాట్ గంటకు, రోజుకు ఎంత డేటా అయిందో చెబుతుంది. నెలవారీ లిమిట్ లెక్కకు అది చాలు, ఈ కేసుకు చాలదు. ఎంఆర్‌టీజీ మామూలుగా 5 నిమిషాలకోసారి రీడింగ్ తీస్తుంది. జాబిక్స్ లాంటి పెద్ద మానిటరింగ్ టూల్ పెట్టొచ్చు గానీ, సీజన్ మధ్యలో, సరుకు దిగుతుండగా, నడుస్తున్న సర్వర్ మీద కొత్త డేటాబేస్, కొత్త వెబ్ పేజీ ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. పైగా ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తే రేపు ఏది ఆగినా దాని మీదకే వస్తుంది.

అందుకే చిన్న స్క్రిప్టు (కమాండ్ల వరస) ఒకటి సొంతంగా రాసుకున్నాను. నాకు కావలసినవి రెండే: ఎప్పుడు, ఎంత. వాటిని లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఎప్పుడూ లెక్కపెడుతూనే ఉంటుంది, మనం వెళ్ళి చదువుకోవడమే ఆలస్యం. చాలామంది ప్రాక్ డైరెక్టరీలో నెట్ కింద ఉండే డెవ్ ఫైలు చదువుతారు. అందులో మొదటి రెండు లైన్లు శీర్షికలు. ఆ తర్వాత ఒక్కో నెట్‌వర్క్ కార్డుకు ఒక్కో లైను, కోలన్ తర్వాత మొదటి అంకె వచ్చిన బైట్లు, తొమ్మిదోది పోయిన బైట్లు. పాత కెర్నల్స్‌లో అంకె పెద్దదైతే కోలన్‌కు అతుక్కుపోయి ఆక్ (లైనును కాలమ్‌లుగా విడగొట్టే కమాండు) కాలమ్ లెక్క తప్పుతుంది. ఆ గొడవ లేకుండా సిస్ డైరెక్టరీలో కార్డు పేరు కింద ఉండే స్టాటిస్టిక్స్ ఫోల్డర్‌కు వెళ్ళాను. అక్కడ టీఎక్స్ బైట్స్ అని ఒక ఫైలు, ఆర్‌ఎక్స్ బైట్స్ అని ఇంకో ఫైలు. ఒక్కో ఫైల్లో ఒక్కటే అంకె ఉంటుంది కాబట్టి విడగొట్టే పనే లేదు.

స్క్రిప్టు చేసే పని ఇంతే. ఇప్పటి అంకె చదువుతుంది, కిందటి అంకెను తీసేస్తుంది, మధ్యలో గడిచిన సెకన్లతో భాగిస్తుంది, 8తో గుణించి బిట్లుగా మార్చి, టైముతో పాటు ఒక లైనుగా లాగ్‌లో రాస్తుంది. గడిచిన సెకన్లు అంటే మనం అనుకున్న విరామం కాదు. డేట్ కమాండుతో రెండుసార్లు టైము తీసుకుని ఆ తేడా వాడాలి. సర్వర్ బిజీగా ఉంటే 10 సెకన్ల నిద్ర 11 అవుతుంది, మనకు కావలసిన క్షణాల్లోనే లెక్క చెడుతుంది. తేడా మైనస్‌లో వస్తే ఆ లైను వదిలేయాలి. సర్వర్ రీస్టార్ట్ అయితే కౌంటర్ సున్నా నుంచి మొదలవుతుంది. 32 బిట్ల కౌంటర్లుండే పాత మెషీన్ల మీద ఇంకో చిక్కు ఉంది. 4,29,49,67,296 బైట్లు కాగానే అంకె మళ్ళీ మొదటికొస్తుంది. 100 ఎంబీపీఎస్ వేగంతో నిండుగా పోతుంటే దానికి ఆరు నిమిషాలు కూడా పట్టదు. ఈ సర్వర్ 64 బిట్లది కాబట్టి ఆ బెడద లేదు.

పని చేయనివి

మొదట క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే లైనక్స్ సదుపాయం) 5 నిమిషాలకోసారి పెట్టాను. చాలాచోట్ల వాడే విరామం అదే, ముందు రోజంతా ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఒక అంచనా రావాలి. వచ్చిన లాగ్‌లో కొన్నిచోట్ల పోయే ట్రాఫిక్ 60, 70 ఎంబీపీఎస్ ఉంది. లైను అప్‌లోడే 10 అయినప్పుడు 70 ఎలా పోతుంది? ఆఫీసు కంప్యూటర్లు కూడా అదే కార్డు ద్వారా సర్వర్‌తో మాట్లాడతాయి. స్కాన్ చేసిన కాగితాలు తెరవడం, రిపోర్టులు ప్రింట్ చేయడం, అన్నీ ఆ అంకెలో కలిసిపోయాయి. కార్డు కౌంటర్‌కు లోపలి ట్రాఫిక్, బయటి ట్రాఫిక్ తేడా తెలియదు. లైను సామర్థ్యం కంటే పెద్ద అంకె కనపడటం మంచిదే అయింది. 9 ఎంబీపీఎస్ దగ్గర ఉండి ఉంటే లైనే నిండిందని పొరపడే ప్రమాదం ఉంది.

విడగొట్టడానికి ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) వాడాను. ఒక రూల్‌కు ఏం చేయాలో చెప్పకుండా వదిలేస్తే, అది ప్యాకెట్‌ను ఆపదు, వదలదు, లెక్కపెట్టి కిందికి పంపుతుంది. అవుట్‌పుట్ చెయిన్ (సర్వర్ నుంచి పోయే ప్యాకెట్ల రూల్స్ వరస) పైన అలాంటి రూల్స్ రెండు పెట్టాను: ఆఫీసు నెట్‌వర్క్‌కు పోయేవి ఒకటి, మిగతా అన్నిటికీ ఇంకొకటి. చదివేటప్పుడు ఎక్స్ ఆప్షన్ మరిచిపోకూడదు, లేకపోతే కే, ఎం అక్షరాలతో గుండ్రం చేసిన అంకెలు వస్తాయి, తీసివేత పనికిరాదు. కౌంటర్లను సున్నా చేసే ఆప్షన్ కూడా ఉంది గానీ వాడలేదు. ఇంకెవరైనా అవే కౌంటర్లు చూస్తుంటే వాళ్ళ లెక్క పోతుంది. కార్డు కౌంటర్‌కూ వీటికీ మొత్తాలు సరిగ్గా కలవవు, ఐపీటేబుల్స్ ఈథర్‌నెట్ హెడర్లు లెక్కపెట్టదు. కలవలేదని కంగారు పడనక్కర్లేదు.

ఇప్పుడు బయటి ట్రాఫిక్ విడిగా కనపడింది. అత్యధికం 6.4 ఎంబీపీఎస్. యజమాని ఆ అంకె చూసి, "పదిలో ఆరే కదండీ, లైను నిండలేదుగా" అన్నారు. మాట సబబే. అంకె కూడా తప్పు కాదు. కానీ అది 5 నిమిషాల సగటు. గుమస్తాలు చెప్పే ఇబ్బంది రెండు మూడు నిమిషాలది. మూడు నిమిషాలు 10, రెండు నిమిషాలు 1 అయితే సగటు 6.4 వస్తుంది. ఆయనకు ఆయన భాషలోనే చెప్పాను: పది టిక్కీల్లో ఒకటి తడిసి ఉంటే, పదింటి తేమ సగటు తీసి లాటు బాగుందని తీసుకుంటారా? ఆ తర్వాత ఆయన నన్ను సగటుల గురించి అడగలేదు.

ఇంకో అనుమానం కెమెరాల మీద. ఆఫీసు డీవీఆర్‌ను (కెమెరా రికార్డర్‌ను) యజమానిగారి అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్లో చూస్తుంటారు. అది కూడా ఇదే లైను మీద పోతుంది, సర్వర్ కౌంటర్లకు మాత్రం కనపడదు. ఒక రోజంతా రిమోట్ వ్యూ ఆపమన్నాను. ఆ రోజు కూడా స్క్రీన్లు ఎప్పటిలాగే బిగుసుకున్నాయి.

టీసీపీడంప్ (ప్రతి ప్యాకెట్‌నూ పట్టి ఫైల్లో రాసే టూల్) కాసేపు నడిపి చూశాను. ఆఫీసు ట్రాఫిక్‌తో ఫైలు ఊరికే ఊడలమర్రిలా పెరిగింది. ఎప్పుడు చూడాలో తెలియకముందు అన్నీ పట్టి పెట్టుకోవడం దండగ.

పని చేసింది

క్రాన్ నిమిషం కంటే తక్కువ విరామంతో నడవదు. అందుకని స్క్రిప్టును 10 సెకన్ల నిద్రతో తిరిగే లూప్‌గా మార్చి, సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టాను, ఎందుకైనా ఆగిపోతే తిరిగి లేస్తుంది. రోజుకు 8,640 లైన్లు. లైనుకు 40 బైట్లనుకున్నా రోజుకు 350 కేబీ దాటదు, కాబట్టి డిస్కు గురించి బెంగ లేదు. ప్రతి రీడింగుతో పాటు రూటర్ అవతల మొదటి మజిలీకి ఒక పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్ళి తిరిగి రావడానికి పట్టే టైము చూసే పరీక్ష) కూడా కొట్టించి ఆ మిల్లీసెకన్లు అదే లైన్లో రాయించాను. లైను నిండటం ఒక సంగతి, దానివల్ల వాడేవాళ్ళకు ఇబ్బంది కలగడం ఇంకో సంగతి. రెండూ ఒకే లైన్లో ఉంటే వాదన ఉండదు.

రూల్స్ కూడా కొంచెం విడదీశాను: బిల్లింగ్ పేజీల జవాబులు ఒక కౌంటర్, బయటి సర్వర్లకు 22వ పోర్టు (ఎస్‌ఎస్‌హెచ్ దారి, ఫైళ్ళ కాపీలు దీంట్లోంచి పోతాయి) మీద పోయేది ఒకటి, మిగతావన్నీ ఒకటి. ఈ మూడోది పెట్టడానికి కారణం భయం. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్ బయటికి అంత డేటా పంపుతోందంటే ఎవరో లోపలికి దూరి స్పామ్ పంపుతున్నారేమోనన్న టెన్షన్ ఉంటుంది. ఆ కౌంటర్ రోజంతా దాదాపు కదలలేదు.

అదే సమయంలో ఒక స్టోరేజీ గుమస్తాను, "స్క్రీన్ ఆగినప్పుడల్లా ఫోన్లో టైము చూసి రాసిపెట్టు బాబూ" అని అడిగాను. పొడుగు పుస్తకం చివరి పేజీలో నీలం పెన్నుతో వరసగా రాశాడు: 2.11, 2.41, 3.12, టీకి వెళ్ళాను, 4.11. ఎవరి మీదైతే అనుమానపడ్డారో ఆ మనిషి రాసిన ఆ పేజీ ఈ కేసులో నా లాగ్‌తో సమానంగా పనిచేసింది. అరగంట, అరగంట. మనుషులు వాడితే ఇలా గడియారం పట్టుకుని రాదు.

లాగ్ తెరిస్తే బయటి ట్రాఫిక్ 2.07కి గోడ కట్టినట్టు లేచి, 9.8 దగ్గర తల చదునుగా మూడు నిమిషాలు నిలబడి, 2.10కి ఒక్కసారి పడిపోయింది. మనుషుల ట్రాఫిక్ రంపం పళ్ళలా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. పైన చదునుగా ఉందంటే లైను కప్పు తగిలిందన్నమాట. పింగ్ మామూలుగా 20 మిల్లీసెకన్ల లోపు ఉండేది అక్కడ 900 దాకా పోయింది. ప్యాకెట్లు పోగొట్టుకోవడం కంటే రూటర్ వాటిని క్యూలో దాచుకోవడానికే చూస్తుంది, ఆ క్యూ వెనక గుమస్తా బాండు నిలబడి ఉంటుంది. కానీ గుమస్తా రాసింది 2.11, లాగ్ చెప్పేది 2.07. సర్వర్ గడియారం ఫోన్ల కంటే 4 నిమిషాలు వెనక ఉంది! క్రోనీ (గడియారాన్ని ఇంటర్నెట్ టైముతో కలిపే ప్రోగ్రాం) పెట్టి గడియారం సరిచేశాక పుస్తకం, లాగ్ నిమిషం తేడా లేకుండా కలిశాయి.

ఎగిసింది 22వ పోర్టు కౌంటర్. అరగంటకోసారి, సర్వర్ టైములో 7వ నిమిషానికి, 37వ నిమిషానికి. క్రాన్‌ట్యాబ్ తెరిస్తే అక్కడే ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో అంతకుముందు పనిచేసిన కుర్రాడు పెట్టిన బ్యాకప్: డేటాబేస్ మొత్తం డంపు (ఒకే ఫైలుగా కాపీ) తీసి, జీజిప్‌తో కుదించి, ఫైలు పేరులో తేదీ, టైము చేర్చి, ఆర్‌సింక్‌తో (ఫైళ్ళు కాపీ చేసే టూల్) విజయవాడలోని అకౌంట్స్ ఆఫీసుకు పంపుతుంది. డంపు 225 ఎంబీ. 10 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 1.25 ఎంబీ, అంటే 180 సెకన్లు. సరిగ్గా మూడు నిమిషాలు.

ఆఫ్ సీజన్‌లో ఎందుకు తెలియలేదంటే అప్పుడు డంపు చిన్నది. బాండ్ల స్కాన్లు, రైతుల పాస్‌బుక్ ఫొటోలు ఆ సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ లోపలే దాస్తారు. సరుకు దిగేకొద్దీ డంపు బరువెక్కుతుంది.

ఇక్కడ ఒక సందేహం తీర్చుకోవాల్సి వచ్చింది. డంపు తీసేటప్పుడు టేబుల్స్ లాక్ అయితే కూడా బిల్లింగ్ ఆగుతుంది కదా, నేరం లైనుదా, లాకుదా? డంపు నడుస్తున్న నిమిషంలోనే ఆఫీసు కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి లాటు ఎంట్రీ కొట్టించాను, వెంటనే పడింది. పైగా చదును మొదలయ్యేది డంపు అయ్యాక, కాపీ మొదలైనప్పుడు. లైనే.

బ్యాకప్ ఆపేయండి అనడం తేలిక. కానీ అరగంటకోసారి కావాలన్నది యజమాని ఆలోచించి పెట్టుకున్న నియమం. అంతకు ముందొకసారి డిస్కు పోయి ఒక రోజు బాండ్లు మళ్ళీ రాసుకోవాల్సి వచ్చిందట. రాత్రికి మార్చమంటే ఒప్పుకోరు, ఆయన స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను. కాబట్టి బ్యాకప్ అలాగే ఉంచి దాని బరువు తగ్గించాలి.

ఆ సాయంత్రమే ఆర్‌సింక్‌కు బీడబ్ల్యూలిమిట్ (వేగం పరిమితి) 400 పెట్టాను. ఈ అంకె కిలోబైట్లలో, కిలోబిట్లలో కాదు. 400 అంటే దాదాపు 3.3 ఎంబీపీఎస్, లైనులో మూడో వంతు. మర్నాడు స్టోరేజీల నుంచి ఫోన్లు రాలేదు. కానీ అది తాత్కాలికమే. ఆ వేగంతో 225 ఎంబీ పోవడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది. ఏప్రిల్‌లో డంపు 700 ఎంబీ దాటితే అరగంట సరిపోదు, పాత కాపీ పోతుండగానే కొత్తది మొదలవుతుంది. అందుకని ఫ్లాక్ పెట్టాను. ఒకటి నడుస్తుంటే రెండోది మొదలవకుండా వెనక్కి వెళ్ళిపోతుంది.

అసలు మందు వేరే. ఆర్‌సింక్ ఉన్నదే మారిన ముక్కలు మాత్రం పంపడానికి. కానీ ఇక్కడ ప్రతిసారీ ఫైలు పేరు కొత్తది, అవతల పోల్చుకోవడానికి ఏమీ ఉండదు, మొత్తం పంపాల్సిందే. పేరు ఒకటే పెట్టినా జీజిప్ అడ్డం. మొదట్లో ఒక్క అక్షరం మారితే అక్కడినుంచి కుదించిన ఫైలంతా మారిపోతుంది. జీజిప్‌కు ఆర్‌సింకబుల్ ఆప్షన్ ఉంది, దాంతో ఇది చాలావరకు తగ్గుతుంది. నేను ఇంకా సాదాగా పోయాను: డంపును కుదించకుండా, ఎప్పుడూ ఒకే పేరుతో ఉంచి, దారిలో కుదించే పని ఆర్‌సింక్ జెడ్ ఆప్షన్‌కు అప్పజెప్పాను. తేదీల వారీ కాపీలు విజయవాడ వైపు తీసుకునేలా మార్చాను. డంపుకు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ కూడా చేర్చాను. టేబుల్స్ ఇన్నోడీబీవి (ట్రాన్సాక్షన్లను నిలబెట్టే రకం) కాబట్టి లాక్ అవసరం లేదు. మార్చాక ఒక కాపీని వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి, ఆ రోజు చివరి బాండు నంబర్ వచ్చిందో లేదో చూశాం. వచ్చింది.

ఇప్పుడు అరగంటకు పోయేది కొన్ని ఎంబీలు. లాగ్‌లో 7, 37 నిమిషాల దగ్గర చిన్న బొడిపె కనపడుతుంది, అంతే.

ఈ కేసు నుంచి పట్టుకెళ్ళినవి

రీడింగ్ విరామం ఎంత అన్నది టూల్ నుంచి కాకుండా ఫిర్యాదు నుంచి తీసుకుంటున్నాను. "రెండు నిమిషాలు ఆగుతోంది" అంటే రీడింగ్ పది పదిహేను సెకన్లలో ఉండాలి. "నెలాఖరుకు డేటా అయిపోతోంది" అంటే గంటకోసారి చాలు.

అలర్ట్ విషయంలో ఒక్క రీడింగుకు మోగించడం దండగ. ఎవరో పెద్ద రిపోర్టు తీస్తే 10 సెకన్లు లైను నిండటం మామూలే. బయటి ట్రాఫిక్ 8 ఎంబీపీఎస్ దాటి వరుసగా ఆరు రీడింగులు ఉంటేనే మెయిల్ పోయేలా పెట్టాను. ఆ మెయిల్‌లో మూడు కౌంటర్లూ ఉంటాయి, చూసినవాళ్ళకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఐపీటేబుల్స్ రూల్స్ రీస్టార్ట్‌కు పోతాయి కాబట్టి వాటిని సేవ్ చేసి బూట్‌లో తిరిగి లోడ్ అయ్యేలా చూసుకోవాలి. లేదంటే లాగ్‌లో సున్నాలు చూసి అంతా ప్రశాంతంగా ఉందనుకుంటాం.

ఈ స్క్రిప్టు పది సర్వర్లున్న చోట నేను పెట్టను. అక్కడ గ్రాఫులు, చరిత్ర, అలర్టులు అన్నీ ఒకచోట చూపించే టూలే కావాలి. ఒక్క సర్వర్, ఒక్క లైను, ఒక్క ప్రశ్న ఉన్నచోట మాత్రం, చదివితే యజమాని కూడా అర్థం చేసుకునే లాగ్‌కు సాటి లేదు. ఆయన ఆ లాగ్ ప్రింటు తీయించుకుని ఇంటర్నెట్ కంపెనీకి చూపించి ప్లాన్ మళ్ళీ 50కి తగ్గించుకున్నారు.

ఫొటోలు ఇంకా డేటాబేస్‌లోనే ఉన్నాయి. వాటిని విడిగా ఫోల్డర్‌లో పెట్టమని సాఫ్ట్‌వేర్ వాళ్ళకు చెబితే వచ్చే సీజన్ లోపు చేస్తామన్నారు. ఈలోగా డంపు సైజును కూడా రోజుకోసారి రాసే లైను ఒకటి స్క్రిప్టులో చేర్చాను.